గడువు తేదీ జూలై ఇరవై

జూన్ 4

పిన్నీ,

చేరాను. బస్సులో సీటు దొరికింది, ఇక్కడ మంచం దొరికింది, రెండింటిలో సీటే మెత్తగా ఉంది. బాబాయికి నా నమస్కారాలు కాస్త గట్టిగా చెప్పు, మెల్లిగా చెబితే ఆయన దాకా చేరవు.

మా ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారు. ట్రైనింగ్ అయ్యేదాకా, అంటే ఈ మూడు నెలలూ, ఉత్తరాలే గతి. ఆఫీసు ఫోన్ ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టుకోనివ్వరట.

బయల్దేరే ముందు ఒక సంగతి నీకు చెప్పలేదు. చెబితే నువ్వు అన్నం మానేస్తావని భయపడ్డాను. మన వీధి చివర నేను డ్యూటీ చేసే పోలీసు గదిని మూసేద్దామని పైవాళ్ళ ఆలోచన. ఇరవై ఆరు ఇళ్ళ వీధికి ఒక గదీ ఒక కానిస్టేబులూ ఎందుకని వాళ్ళ వాదన. మా పెద్ద సారు బతిమాలితే చివరికి ఒక మాటకి ఒప్పుకున్నారు. నేను లేని ఈ మూడు నెలల్లో మన వీధి నుంచి దొంగతనం ఫిర్యాదులు పది దాటకపోతే గది ఉంటుంది, నేనూ తిరిగి అక్కడికే వస్తాను. పదకొండోది వచ్చిందా, గదికి తాళం, నాకు ఎక్కడో కొత్త ఊరు. మళ్ళీ హోటల్ తిండి, మళ్ళీ అద్దె గది. మీ ఇద్దరినీ వదిలి ఉండాలని నాకు లేదు పిన్నీ. నా బదులు ఒకాయన్ని వేశారు కానీ ఆయనకి మన వీధి కొత్త.

అందుకని నువ్వే ఓ కన్నేసి ఉంచాలి. ఇక్కడ పాఠం చెప్పే ఆయన నెత్తిమీద టోపీ తీయగా ఎవరూ చూడలేదు, మేం టోపీ సారు అంటాం. ఆయన ఇవాళ మంచి మాట చెప్పారు. "దొంగ తాళం పగలగొట్టి రాడు, తీసి ఉన్న తలుపులోంచి వస్తాడు. మీ వీధిని మీ కళ్ళతో కాదు, దొంగ కళ్ళతో చూడండి." ఇంకోటి కూడా అన్నారు. "చెబితే వినని వాళ్ళకి వస్తువు పోయాకే చెవులొస్తాయి."

నువ్వు రోజూ ఎలాగూ వీధిలో ఓ చుట్టు తిరుగుతావు కదా. ఎవరి తలుపు ఎప్పుడు తీసి ఉంటోందో చూసి, వాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పు.

నీ అబ్బాయి


జూన్ 10

నాన్నా,

ముందు దీవెనలు, వెనక చీవాట్లు. అంత పెద్ద సంగతి కడుపులో దాచుకుని బస్సెక్కుతావా? అన్నం మానేస్తానా? రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను, ఒంట్లో బలం ఉండాలిగా.

పది దాటకూడదన్నావు. పది దాకా ఎందుకురా, సున్నా చేసి చూపిస్తాను. ముప్పై ఏళ్ళు ఈ వీధి లైబ్రరీ నడిపినదాన్ని, ఒక్క పుస్తకం పోనివ్వలేదు. లెక్కల మాస్టారు ఒకటి పోయిందంటాడు కానీ అది ఆయన మంచం కిందే దొరికింది. లైబ్రరీ మూసేసి రెండేళ్ళవుతోంది, అక్కడిప్పుడు ఎవరో బరువులెత్తి దించుతున్నారు. నా కార్డులూ, రిజిస్టర్లూ, తేదీ స్టాంపూ మాత్రం అటక మీద భద్రంగా ఉన్నాయి.

నిన్న పదకొండింటికి దొంగ కళ్ళతో బయల్దేరాను. ఏం చెప్పను! ఇరవై ఆరు ఇళ్ళలో పద్నాలుగు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లెక్కల మాస్టారి గోడ గడియారం గుమ్మంలోంచే నన్ను పలకరించింది. మేడమీదావిడ మెట్ల మీద రేడియో పాడుతూనే ఉంది, ఆవిడ స్నానాల గదిలో ఉంది. అందరికీ చెప్పాను. "మీరుండగా మాకేం భయమండీ" అని నవ్వేశారు. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆ పద్నాలుగులో మన పెరటి తలుపు కూడా ఉంది. మీ బాబాయి చలవ.

మీ టోపీ సారు మాటే నిజం. చెబితే ఎవరికీ ఎక్కదు. అందుకని ఒక పద్ధతి మొదలుపెడుతున్నాను. మన లైబ్రరీ పద్ధతే. ముందు మీ బాబాయి మీద ప్రయోగించాను. ఒక్క పూటలోనే బుద్ధొచ్చి, ఇప్పుడు పెరటి గడియ ఆయనే వేస్తున్నాడు. మిగతా వివరం ఇప్పుడు చెప్పను, జూలై ఇరవైన వీధి సభ పెడతాను, అప్పుడు చూడు మీ పిన్ని అంటే ఏమిటో.

అన్నట్టు గ్యాస్ స్టవ్వులు బాగుచేసే మనిషొకడు కొత్తగా వీధిలోకి వస్తున్నాడు. కేక భలే వేస్తాడు, మీ బాబాయికి కూడా వినపడింది. మన స్టవ్వు బాగానే చేశాడు. కుట్టుపని అమ్మాయి గుమ్మం దగ్గర మాత్రం రోజూ ఆగుతాడు. ఆమెకి ఉన్నది కరెంటు పొయ్యి! పెళ్ళి సంబంధమేమోనని మీ బాబాయి అనుమానం.

వేళకి తిను. సాక్సులు రోజూ ఉతుక్కో.

మీ పిన్ని


జూన్ 15

పిన్నీ,

ఉత్తరం చదివి నా గుండె కుదుటపడింది. లైబ్రరీ పద్ధతి అంటే నాకు అర్థమైందిలే, దాచినా దాగదు. తాళాలూ జాగ్రత్తలూ చెప్పే పుస్తకాలు ఇంటింటికీ పంచుతున్నావు, అంతేగా? ఈ ఆలోచన మా టోపీ సారుకి కూడా రాలేదు. గడువు దాటితే పన్నెండు పుస్తకాలకి అట్టలు వేయించేదానివి గుర్తుందా? ఆ జిగురు వాసన ఇంకా నా వేళ్ళని వదల్లేదు.

ఒక్క సలహా. మనుషులు కనపడలేదని వెనక్కి వచ్చేయకు. తలుపు ఎలాగూ తీసే ఉంటుంది, లోపలికెళ్ళి నీ పని కానిచ్చేసి రా. తర్వాత వాళ్ళే తెలుసుకుంటారు. ఒక్క ఇల్లూ వదలకు.

ఇక్కడ రోజూ ఆరు మైళ్ళు పరిగెత్తిస్తున్నారు. దొంగలు ఇంత దూరం పరిగెత్తరు పిన్నీ, మధ్యలో ఆటో ఎక్కుతారు. ఆ మాటే అన్నాను, ఏడో మైలు కలిపారు.

నీ అబ్బాయి


జూన్ 22

నాన్నా,

పోలీసు చేతిరాతలో అనుమతి వచ్చాక ఇక నాకు అడ్డేముంది? నీ ఉత్తరాన్ని రిజిస్టరు మొదటి పేజీలో అంటించాను.

ఏడిళ్ళు పూర్తి. అన్నీ నియమం ప్రకారమే. గుమ్మంలో నిలబడి మూడుసార్లు పిలుస్తాను. ఎవరైనా పలికితే మంచినీళ్ళడిగి, తాగి వచ్చేస్తాను. పలక్కపోతేనే లోపలికి. కార్డు పెట్టి, ఇంటికొచ్చి రిజిస్టరు రాస్తాను. ఏ ఇల్లు, ఎన్నింటికి, ఏ తలుపు తీసి ఉంది, ఎన్నిసార్లు పిలిచాను, ఆ వేళకి వీధిలో ఎవరెవరున్నారు, అన్నీ గళ్ళు గీసి మరీ. మోకాళ్ళు మాత్రం మెట్లు చూస్తే ఏడుస్తున్నాయి.

కానీ ఒక్కరూ నా దగ్గరికి రారేం? కార్డు చూశాక రావాలి కదా. లైబ్రరీ రోజుల్లోనూ ఇంతే, గడువు నెత్తిమీదికి వస్తే తప్ప కదలని జనం.

ఇంకో వింత. వీధిలో నలుగురు గుసగుసలాడుతుంటే నేను వెళ్ళగానే వాతావరణం గురించి మాట్లాడుతున్నారు. మేడమీదావిడ నన్ను చూసి చటుక్కున నోరు మూసుకుంది. ఆవిడ నోరు మూయడం నేను ఇదే మొదటిసారి చూడటం.

అసలు సంగతి మీసాల కానిస్టేబుల్ చెప్పాడు. నీ బదులు వచ్చినాయన. ముందు మీసం వస్తుంది, వెనకాల ఆయన వస్తాడు. మన వీధిలో దొంగ పడ్డాడట! రెండు వారాల్లో ఆరు ఫిర్యాదులట! ఏం పోయాయయ్యా అంటే, "విచారణలో ఉందమ్మా, బయట చెప్పకూడదు" అన్నాడు. నేను ఎండనక వాననక తిరుగుతుంటే ఎవడో వెధవ నా కళ్ళ ముందే వీధిని దోచుకుంటాడా? నా చేతికి చిక్కనీ, వాడి చేత జన్మంతా అట్టలు వేయిస్తాను.

మీ పిన్ని


జూన్ 27

పిన్నీ,

ఆరా! ఇంకా రెండు నెలలకి పైనే ఉంది. ఇంకో నాలుగు దాకా పర్వాలేదు, ఆపైన ఒక్కటొచ్చినా గది పోయినట్టే. ఇవాళ క్లాసులో ఒక్క ముక్క ఎక్కలేదు.

నాకు ఒకటి అనిపిస్తోంది. ఇంత గుట్టుగా చేస్తున్నాడంటే దొంగ బయటివాడు కాదు. ఎవరు ఎప్పుడు స్నానానికి వెళ్తారో తెలిసిన మనిషి, వీధిలో తిరిగినా ఎవరూ అనుమానించని మనిషి. అలాంటివాళ్ళు ఎవరున్నారో నువ్వే ఆలోచించు.

నీ లైబ్రరీ పనిలో మాత్రం వేగం పెంచు. మిగతా ఇళ్ళు కూడా త్వరగా చుట్టేయ్. ఇప్పుడు మన గదికి దిక్కు నువ్వే.

నీ అబ్బాయి


జూలై 5

నాన్నా,

నువ్వు చెప్పిన మనిషి కోసం ఎంత ఆలోచించినా తట్టలేదు. ఎవరికీ అనుమానం రాని మనిషి ఈ వీధిలో ఎవరున్నారు? ఒకరిమీద ఒకరికి అనుమానమే.

అందుకని వీధి కాపలా సంఘం పెట్టాను. అధ్యక్షురాలిని నేనే, వేరే ఎవరూ నిలబడలేదు. ఆరు ఈలలు కొన్నాం. మీ బాబాయికి ఈల ఇస్తే ఊదుతాడు కానీ ఊదినట్టు ఆయనకే తెలియదు, అందుకని వెనక్కి తీసుకున్నాను. మీసాల ఆయన కూడా రోజూ నా సలహా అడుగుతున్నాడు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ వీధి దొంగని మాత్రం నేను పట్టి తీరతాను.

నా ఇళ్ళు పదమూడు అయ్యాయి, బాబాయితో కలిపి. తెరిచిన తలుపులు తగ్గుతున్నాయి కూడా, గమనించాను. అయినా ఫిర్యాదులు తొమ్మిదికి చేరాయి. పదోది మొన్న.

కుట్టుపని అమ్మాయి మిషను పోయిందిరా. యూనిఫారాలు ఇవ్వడానికి బడికి వెళ్ళి గంటలో తిరిగొచ్చింది. తలుపుకి తాళం వేసే వెళ్ళింది, తాళంచెవి ఎప్పటిలా పూలకుండీ కింద పెట్టింది. వచ్చి చూస్తే తాళం తీసి ఉంది, మిషను లేదు. వీధిలో ఇంకెవరూ చెప్పలేదు కానీ ఆ పిల్ల నేరుగా మన ఇంటికే వచ్చింది. గుమ్మంలో నిలబడి, "కత్తిరించిన బట్ట ముప్పై జతలు ఉంది పిన్నిగారూ, దేనిమీద కుట్టను?" అంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఆమె ఇంటికి నేను పద్ధతి కోసం వెళ్ళనే లేదు, ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉంటుంది. జాగ్రత్తగా ఉన్నవాళ్ళకే ఇలా జరిగిందేమిటని నాకు కడుపు మండిపోతోంది. రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆమెతో కూర్చుని చేత్తో అంచులు కుడుతున్నాను. నా కుట్టు సంగతి నీకు తెలుసుగా, నీ నిక్కరు గుర్తుందా.

ఇంకొక్కటి జరగకుండా చూస్తాను. నువ్వు దిగులు పెట్టుకోకు.

మీ పిన్ని


జూలై 14

పిన్నీ,

కూర్చుని చదువు. బాబాయిని కూడా కూర్చోబెట్టు.

ఇవాళ క్లాసులో టోపీ సారు, "ఇప్పుడు ఒక అరుదైన దొంగ గురించి చెప్పుకుందాం" అన్నారు. "ఒకే వీధిలో తొమ్మిదిళ్ళు. పట్టపగలు. ఒక్క తాళం పగల్లేదు. వస్తువు తీసిన చోట ఒక కార్డు పెట్టి పోతాడు. కార్డు మీద ఒక నంబరు, ఒక తేదీ. అన్ని కార్డుల మీదా ఒకటే తేదీ, జూలై ఇరవై. అంటే ఆ రోజు మళ్ళీ వచ్చి వీధి మొత్తం ఊడ్చేస్తానని సవాలు చేస్తున్నాడు!" క్లాసంతా నోరెళ్ళబెట్టింది. సారు కార్డు ఫోటో గోడ మీద వేశారు.

తేదీ స్టాంపులో నెల పక్కకి వాలి ఉంది. మూడో తరగతిలో ఆ స్టాంపుని కింద పడేసింది నేనే కదా పిన్నీ. అప్పటినుంచి నీ లైబ్రరీలో ప్రతి నెలా పక్కకి వాలే ఉండేది.

ఆ తర్వాత సారు దొంగ ఎలాంటివాడో వర్ణించారు. మగవాడట. ముప్పై లోపు వయసట. పిల్లిలా నడుస్తాడట, మెట్లు రెండేసి ఎక్కుతాడట. పక్కింటి కుక్క మొరగలేదు కాబట్టి దానికి మత్తుమందు అలవాటు చేసి ఉంటాడట. నువ్వు దానికి రోజూ పెట్టే బిస్కెట్లు గుర్తొచ్చాయి. "ఇది నీ వీధే కదా, నీకేమైనా తడుతోందా?" అని నన్ను లేపి అడిగారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "లేద్సార్" అన్నాను. జీవితంలో పై అధికారికి చెప్పిన మొదటి అబద్ధం అదే.

నువ్వు పుస్తకాలు పంచుతున్నావనుకున్నాను. నువ్వు వస్తువులు తెస్తున్నావని, తెచ్చినచోట కార్డు పెడుతున్నావని నాకు ఊహకైనా రాలేదు. "లోపలికెళ్ళి నీ పని కానిచ్చేసి రా" అని రాసినవాణ్ణి నేనే. నిన్నేమని తిట్టను?

ఇప్పుడు విను. ఇరవయ్యో తేదీన పదిమంది పోలీసులు మన వీధి ఇళ్ళలో కర్టెన్ల వెనక దాక్కుంటున్నారు. ఆ వస్తువులు పట్టుకుని నువ్వు సభ పెట్టడానికి బయల్దేరావో, అందరి ముందూ దొంగసొత్తుతో దొరికిపోతావు. అంతకుముందే మీసాల ఆయన దగ్గరికి వెళ్ళి నీ నోటితో నువ్వే చెప్పు. ఇరవై సాయంత్రం దాకా నేను ఆగుతాను. ఆ తర్వాత టోపీ సారుకి నేనే చెప్పాలి. చిన్నప్పుడు నేను పుస్తకం చించి దాచినప్పుడు, చేసినదానికంటే దాచిందే పెద్ద తప్పని నా చెవి పట్టుకుని చెప్పింది నువ్వే.

ఇంకొకటి. ఫిర్యాదులు పది, కార్డులు తొమ్మిదే. కార్డు లేనిది ఆ మిషను. నీ జూన్ పదో తేదీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. కరెంటు పొయ్యి ఉన్న గుమ్మం దగ్గర స్టవ్వులతను రోజూ ఎందుకు ఆగుతాడు? తాళంచెవి ఎక్కడ పెడుతోందో చూడటానికి. బాబాయి అనుకున్న సంబంధం అదన్నమాట. ఇది కూడా మీసాల ఆయనకి చెప్పు.

ఈ ఉత్తరం టైముకి అందితే చాలు.

నీ అబ్బాయి


జూలై 21

నాన్నా,

అందింది. పందొమ్మిదిన మధ్యాహ్నం మూడింటికి.

ముందు నీమీద కోపమొచ్చింది. నన్ను దొంగ అంటాడా అని. రిజిస్టరు తీసి నీకు జవాబు రాద్దామని కూర్చున్నాను. నంబరు రెండు, గోడ గడియారం. నంబరు మూడు, రేడియో. నంబరు నాలుగు, నల్ల గొడుగు. చదువుతూ చివరిదాకా వెళ్ళాను. నా సొంత అక్షరాల్లో, గళ్ళు గీసి మరీ, పన్నెండు దొంగతనాలు. నంబరు ఒకటి మీ బాబాయి గడ్డం గీసుకునే పెట్టె, అది ఇంట్లోదే కనుక వదిలెయ్. ఫిర్యాదు ఇచ్చింది తొమ్మిది మందే, మిగతా ముగ్గురికీ పోయిన సంగతి ఇంకా తెలియనే తెలియదు. వాళ్ళలో ఎవరు ఎప్పుడు చూసుకున్నా పదకొండోది వచ్చి పడేదే. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటారు కదా, నేను బుట్టెడు గుమ్మడికాయలు నెత్తిన పెట్టుకుని భుజాలైనా తడుముకోలేదు. గడువులోగా వచ్చి వస్తువు విడిపించుకుంటారనుకున్నాను కానీ, కార్డు మీద నా పేరు గానీ లైబ్రరీ పేరు గానీ వేయలేదు, ఇక ఎవరు వస్తారు?

వీధివాళ్ళు నన్ను చూసి నోరు మూసుకున్నదెందుకో కూడా అప్పుడే తెలిసింది. వస్తువు పోయిందంటే "చెప్పానా?" అంటానని. ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నానుగా. అది మాత్రం గట్టిగా తగిలిందిరా.

తెల్లవారి పదింటికి మీ బాబాయీ నేనూ నాలుగు సంచులతో పోలీసు గదికి వెళ్ళాం. మీసాల ఆయన తలుపు సందులోంచి వీధిని చూస్తున్నాడు.

"దొంగతనాల గురించి వచ్చానయ్యా. నేనే చేశాను."

"అమ్మా, ఇవాళ హాస్యాలకి టైం లేదు. ఇంటికెళ్ళి తలుపేసుకోండి, దొంగ వచ్చే వేళైంది."

"వచ్చే వేళేమిటి, వచ్చేశాడు. నీ ఎదురుగానే ఉన్నాను."

"మీకు కాపలా డ్యూటీలు ఎక్కువై ఒంట్లో వేడి చేసిందమ్మా. బాబాయిగారూ, తీసుకెళ్ళండి."

మీ బాబాయి "బాగానే ఉన్నాం, మీరెలా ఉన్నారు?" అన్నాడు.

లాభం లేదని స్టాంపు తీసి, ఆయన కళ్ళెదుటే ఒక కార్డు మీద గుద్దాను. నెల పక్కకి వాలింది. ఆయన జేబులోంచి ఫిర్యాదుతో వచ్చిన కార్డు తీసి పక్కన పెట్టి చూశాడు. అటూ ఇటూ చూసి కుర్చీలో కూలబడ్డాడు. మీసం ఎంత పెద్దదైనా కిందికి వాలగలదని నిన్ననే తెలిసింది.

"పదిమందిని నిలబెట్టానమ్మా. తుమ్ములు ఆపుకుని నిలబడ్డారు," అన్నాడు పాపం.

నేను స్టవ్వులతని సంగతి చెప్పి, రిజిస్టరులో అతను కుట్టుపని అమ్మాయి గుమ్మం దగ్గర ఉన్న రోజులూ గంటలూ చూపించాను. ఇంకా చూపిస్తుండగానే వీధి మొదట్లో కేక వినపడింది. "స్టవ్వులూ... గ్యాసు స్టవ్వులూ..." ఇరవయ్యో తేదీ సంగతి మొన్నటిదాకా నాకు తప్ప వీధిలో పసిపిల్లలకి కూడా తెలుసు, బయటివాడు కనుక అతనికీ తెలియదు. మీసాల ఆయన నా చేయి పట్టుకుని వెనక్కి లాగాడు. ఇద్దరం తలుపు సందులోంచి చూశాం. అతను అటూ ఇటూ చూసి, లెక్కల మాస్టారి తాళం చూసి, మెల్లిగా పూలకుండీ ఎత్తాడు. అంతే! మేడ మీదినుంచి ఇద్దరు, కిటికీలోంచి ఇద్దరు, బాత్రూములోంచి ఒకడు తుమ్ముకుంటూ, పదిమందీ మీద పడ్డారు. మధ్యాహ్నానికల్లా అతని షెడ్డులో మిషను దొరికింది.

ఇక సభ. పెడతానన్నాను, పెట్టాను. సంచులు విప్పి ఒక్కొక్కరినీ పిలిచి వస్తువు చేతికిచ్చి, "తప్పయింది" అన్నాను. మొదటి మూడుసార్లు గొణిగాను. తర్వాత అలవాటైంది. లెక్కల మాస్టారు గడియారం తీసుకుని, "ఇది లేక మా ఆవిడకి టైం తెలియలేదు. నెల్లాళ్ళు ఎన్నింటికి వచ్చినా అడగలేదు. ఇంకొన్నాళ్ళు ఉంచుకోరాదూ?" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు, కుట్టుపని అమ్మాయి వెనక వరసలో నిలబడి ఉంది.

"పోలీసులంతా నా కార్డుల వెంట పడ్డారు కాబట్టి నీ మిషను గురించి పట్టించుకున్నవాళ్ళు లేకపోయారు. ఆ పాపం నాదే అమ్మా," అన్నాను.

ఆ పిల్ల ముందుకొచ్చి, "మీరు రోజూ వచ్చి నాతో కూర్చున్నారు కదా పిన్నిగారూ," అంది. "కానీ ఆ అంచులన్నీ విప్పి మళ్ళీ కుట్టాలి. వంకరగా ఉన్నాయి."

అప్పుడు ఏడ్చాను. పదిమందిలో.

సాయంత్రం మీ పెద్ద సారు వచ్చి రిజిస్టరు మొదటి పేజీ తెరిచాడు. అక్కడ నీ ఉత్తరం. "లోపలికెళ్ళి నీ పని కానిచ్చేసి రా" అన్న చోట వేలు పెట్టి రెండుసార్లు చదివాడు. నవ్వలేదు. రిజిస్టరూ స్టాంపూ తీసుకుని, ఆలోచించి చెబుతానని వెళ్ళిపోయాడు. దేని గురించి ఆలోచిస్తాడో నేను అడగలేదు. నీ గదికి నా చేత్తో నేనే తాళం వేశానేమో నాన్నా.

మీ పిన్ని


జూలై 26

పిన్నీ,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. మూడుసార్లు చదివాను, రెండుసార్లు నవ్వాను.

ఇరవై సాయంత్రం ఆరింటికి టోపీ సారు గదికి వెళ్ళి అంతా చెప్పేశాను. ఆయన తలెత్తకుండా, "మీ ఊరినుంచి మధ్యాహ్నమే ఫోనొచ్చింది. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని అప్పట్నుంచీ కూర్చున్నాను" అన్నారు. అబద్ధమాడినందుకు వారం రోజులు ఏడు మైళ్ళని పది చేశారు. గదిలోంచి వస్తుంటే వెనక్కి పిలిచి, "మీ పిన్నిగారి వయసెంత?" అని అడిగారు. చెప్పాను. "మెట్లు రెండేసి ఎక్కగలదా?" అన్నారు. మోకాళ్ళ నొప్పులని చెప్పాను. ఆయన టోపీ తీసి టేబుల్ మీద పెట్టారు పిన్నీ. కింద జుట్టు లేదు.

గది మాట ఎవరూ చెప్పడం లేదు. కొత్త ఊరికి పంపిస్తారేమో. పంపినా నువ్వు మనసు కష్టపెట్టుకోకు. పదిమందిలో నిలబడి తప్పయిందనడం ఎంత కష్టమో నాకు తెలుసు, నిన్ను ముప్పై ఏళ్ళుగా చూస్తున్నానుగా.

నీ అబ్బాయి


ఆగస్టు 3

నాన్నా,

నిన్న మీ పెద్ద సారు మళ్ళీ వచ్చాడు. మీ బాబాయి నాకంటే ముందు లేచి చొక్కా మార్చుకున్నాడు.

తొమ్మిది మందీ ఫిర్యాదులు వెనక్కి తీసుకున్నారట. మిగిలింది మిషను ఒక్కటే, అదీ దొంగతో సహా దొరికింది. లెక్క ఒకటి. పది దాటలేదు. పెద్ద సారు రిజిస్టరు నా చేతిలో పెట్టి, "ఏ ఇంటి తలుపు ఏ వేళకి తీసి ఉంటుందో, వీధిలోకి ఎవరొస్తారో, ఇంత వివరంగా మా స్టేషన్లలో ఎక్కడా లేదమ్మా. రాస్తూ ఉండండి. వస్తువులు మాత్రం ముట్టుకోకండి," అన్నాడు. గది ఉంటుంది. నువ్వూ ఇక్కడికే వస్తావు. ఆ మాట ఆయనచేత రెండుసార్లు చెప్పించుకున్నాను, ఒకటి నా కోసం, ఒకటి మీ బాబాయికి వినపడేలా.

వీధివాళ్ళు నన్ను సంఘం అధ్యక్షురాలిగా ఉంచారు కానీ ఒక షరతు పెట్టారు. "చెప్పానా?" అనకూడదట. నాలుగు రోజులై అనలేదు, గొంతులో దురదగా ఉంది. తీసి ఉన్న తలుపు ముందునుంచి ఎవరు వెళ్ళినా మూడుసార్లు పిలవడం మాత్రం అందరికీ అలవాటైంది. ఇప్పుడు వీధిలో మధ్యాహ్నం ఎవరికీ కునుకు పట్టడం లేదు.

పూలకుండీల కింద ఇప్పుడు పురుగులే ఉంటున్నాయి. కుట్టుపని అమ్మాయి తాళంచెవి మన ఇంట్లో మేకుకి ఉంది.

స్టాంపు సాక్ష్యం కనుక మీసాల ఆయన బీరువాలోనే ఉంది. ఇవాళ వెళ్ళి ఒక్కసారి అడిగాను. ఎందుకని అడిగాడు, చెప్పాను. ఆయనే తీసి, ఇంకు అద్ది, నా చేతికిచ్చి, గుద్దేదాకా పక్కనే నిలబడ్డాడు. ఆ కార్డు దీంతో పంపుతున్నాను. పోగొట్టుకోకు, వచ్చేటప్పుడు వెనక్కి ఇవ్వాలి.

మీ పిన్ని

*

నంబరు: 14
వస్తువు: అబ్బాయి, ఒకడు. నిక్కరు అంచు వంకర.
ఎవరి సొత్తు: ఈ వీధిది
తీసుకెళ్ళిన తేదీ: జూన్ 3
గడువు తేదీ: సెప్టెంబర్ 4
ఒక్క రోజు ఆలస్యమైనా పన్నెండు పుస్తకాలకి అట్టలు వేయాలి. జిగురు కలిపి ఉంచాను.